పెట్రోలు వాసన: మోటారు బండి చరిత్రలో ఒక పాఠము



నేడు నేను ముచ్చటింప బూనిన విషయము మిక్కిలి చిన్నది. మోటారు బండిలో కూర్చుండగా ముక్కునకు సోకెడి పెట్రోలు వాసనయే ఆ విషయము. రాజుల కథలును కోటల కథలును చెప్పదగిన చోట ఈ కంపు కథ యేల యని పెద్దలకు తోపవచ్చును. జగిత్యాలలో 1747లో కట్టబడిన నక్షత్రాకారపు కోటను గూర్చి ఎందరో చెప్పియున్నారు. ఆ ఊరి మీదుగా రేయింబవళ్లు సాగిపోవు బండ్లకు గూడ నొక చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినవాడు వాసన ఎచ్చటినుండి వచ్చుచున్నదో వెదకి పట్టుకొనును. తెలియనివాడు ఆ వాసనలోనే అగ్గిపుల్ల గీయును. నేను చెప్పబోవునది ఈ రెండవ పని జరుగకుండుటకే.

కొన్ని వత్సరముల క్రిందట నేను జగిత్యాలనుండి కోరుట్లకు ఒక పాత పెట్రోలు జీపులో పోవుచుంటిని. వెనుకటి పైకప్పు తీసివేసి, సరకు వేసికొనుటకు తొట్టి యమర్చిన బండి యది. తొట్టిలో బీడీ ఆకు మూటలును, వానిమీద ఇద్దరు మనుష్యులును ఉండిరి. బండి పరుగెత్తుచున్నంతసేపు ఏమియు తెలియలేదు. ఒక మలుపు కడ ఆగగానే పెట్రోలు వాసన గుప్పుమనెను. అడుగగా డ్రైవరు నవ్వి, "పాత బండి గద బాపూ, గింత వాసన మామూలే" అనెను. అంతలో వెనుక కూర్చుండిన ముసలాయన బీడీ నోట బెట్టుకొని అగ్గిపెట్టె తీసెను. నేను వారించితిని. ఆయన కొంచెము చిన్నబోయెను గాని మాట వినెను. ఆ దినమున మేము కోరుట్ల చేరితిమి. తరువాత జరిగినదానిని కడపట చెప్పెదను.

ముందుగా ఈ వాసన స్వభావమును విచారింతము. భూమిలోనుండి తీసిన ముడినూనెను సారాబట్టీలోవలె కాచి ఆవిరి పట్టుదురు. మిక్కిలి తేలికయైన భాగము పెట్రోలు. దానికంటె బరువైనది కిరసనాయిలు, అనగా మన ప్రాంతపు మాటలో గ్యాసునూనె. అంతకంటెను బరువైనది డీజిలు. గ్యాసునూనె సుమారు 38 డిగ్రీలకు మించి వేడెక్కినగాని దాని ఆవిరి నిప్పంటుకొనదు. పెట్రోలట్లు కాదు. నీరు గడ్డకట్టు చలికంటె 40 డిగ్రీలు దిగువనున్నను అది ఆవిరి విడుచుచునే యుండును. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు; కావున పొగవలె పైకి పోక, నీటివలె నేలబారున పారి బండి క్రిందను, గుంతలలోను నిలిచిపోవును. నూరు పాళ్ల గాలిలో ఒక పాలున్నర ఆవిరి చేరెనా, నిప్పురవ్వ తగిలిన చాలును.

ఇందులో మనకొక మేలు కలదు. పదిలక్షల పాళ్ల గాలిలో ఒక పాలు పెట్రోలు ఆవిరి యున్నను ముక్కు పసిగట్టగలదు. అనగా మంట పుట్టుటకు చాలినంత ఆవిరి పోగగుటకు చాల ముందే మనకు హెచ్చరిక యందును. వాసన లేని ఆపద ఎంతటిదో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున 1937లో తెలియవచ్చినది. న్యూలండను అను ఊరి పాఠశాల క్రింద వాసన లేని భూవాయువు తెలియకుండ నిండి, ఒక్క పెట్టున పేలి, సుమారు మూడువందల మంది పిల్లలను, ఉపాధ్యాయులను బలిగొన్నది. అటుపిమ్మట ఆ వాయువులో దుర్వాసన గల ద్రవ్యమును కలుపవలెనని శాసించిరి. నేడు మన వంటయింటి గ్యాసుబండలోని కంపు అట్లు బుద్ధిపూర్వకముగా కలిపినదే. పెట్రోలుకు ఆ శ్రమ లేదు. దాని హెచ్చరిక దానితోనే పుట్టినది. కాని ముక్కు త్వరలో అలసిపోవును. కొంతసేపు ఆ వాసనలోనే యున్నవానికి అది తెలియకుండ పోవును. వాసన తగ్గినదని డ్రైవరనుకొనినంత మాత్రమున తగ్గినట్లు కాదు. అప్పుడే బండి యెక్కిన వానిమాట నమ్మవలయును.

ఇక చరిత్రకు వత్తము. దీపములకు గ్యాసునూనె కావలసిన కాలమున పెట్రోలు పనికిమాలిన పదార్థమై, ఔషధముల అంగళ్లలో బట్టల మరకలు తీయుటకు కొంచెము కొంచెముగా అమ్మబడుచుండెను. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజి యను నామె తన ఇద్దరు కుమారులతో, భర్త నిర్మించిన మూడు చక్రముల మోటారు బండి నెక్కి, మాన్‌హైము నుండి పుట్టినిల్లైన ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటరులకు పైగా ప్రయాణము చేసినది. దారిలో నూనె అయిపోగా వీస్లోఖ్ అను ఊరి మందుల అంగడిలో కొనినది. నూనె గొట్టము పూడుకొనిపోగా, తన టోపీకి పెట్టుకొను సూదితో దానిని పొడిచి శుభ్రము చేసినది. మోటారు బండి దూరప్రయాణ చరిత్రలో ఇదియే మొదటిది. నూనె గొట్టమును బాగుచేసిన కథయు ఆ ప్రయాణముతోనే ఆరంభమైనది. అప్పటినుండి నేటివరకు బండి రూపము మారినకొలది నూనె కారు చోటు మారుచు వచ్చినది గాని, కారుట మాత్రము మానలేదు.

1908లో అమెరికాలో ఫోర్డు కంపెనీ వారు టి అను పేరుగల బండిని అమ్మకమునకు తెచ్చిరి. అందులో నూనె నెగదోయు పంపు లేదు. సీటు క్రిందనే టాంకీ. దానినుండి నూనె తన బరువుతో తానే పల్లమునకు పారి యింజను చేరెడిది. టాంకీలో నూనె తక్కువైనప్పుడు మెరక యెక్కవలసి వచ్చినచో, నూనె ఇంజనునకు అందుటకై డ్రైవర్లు బండిని వెనుకకు త్రిప్పి, వెనుకనడకతో గుట్ట యెక్కించెడివారు. 1925లో ఆ కంపెనీయే ఈ బండికి వెనుక సరకు తొట్టి నమర్చి 281 డాలరులకు అమ్మినది. నేడు మనము పికప్ అనెడి బండ్లకు ఆ పేరు వ్యాప్తిలోనికి వచ్చినది ఇట్టి బండ్లతోనే. పెట్రోలు తొట్టిమీదనే పీట వేసికొని కూర్చుండిన ఆ రైతునకు టాంకీ మూత సడలినను, క్రింది కుళాయి కారినను వాసన తెలియక మానదు. రెండవ ప్రపంచయుద్ధమున పుట్టిన జీపునందును టాంకీ డ్రైవరు సీటు క్రిందనే యుండెను. కావున పాత జీపులో వాసన వచ్చినచో మొదట సీటు ఎత్తి చూడవలెను.

మన ప్రాంతమున మోటారు బండికి గల విలువ వేరు. 1905లో కరీంనగరు జిల్లా ఏర్పడిననాటికి జగిత్యాలకు గాని, కోరుట్లకు గాని, సిరిసిల్లకు గాని రైలు లేదు. కాజీపేట నుండి పెద్దపల్లి మీదుగా బల్హార్షాకు పోవు మార్గము 1929 నాటికి పూర్తియైనను, అది జిల్లాకు తూర్పు ప్రక్కగా పోయినది. పెద్దపల్లి నుండి జగిత్యాల, కోరుట్లల మీదుగా నిజామాబాదు చేరు రైలుమార్గము పూర్తియగుటకు 2017 రావలసి వచ్చినది. సిరిసిల్ల మగ్గముల బట్టయు, కోరుట్ల, జగిత్యాలల బీడీ మూటలును, మానేరు తీరపు ధాన్యమును మొదట ఎడ్లబండ్లమీదను, పిదప మోటారులమీదను ఊరు దాటినవి. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను, 166 మంది సిబ్బందితోను రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. ఆ శాఖయే కాలక్రమమున చేతులు మారి 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. ఆ తొలినాళ్ల మోటారులలో పెక్కింటికి పెట్రోలే ఆహారము. దానిని డబ్బాలతో తెచ్చి గరాటుతో పోసెడివారు. పోసినప్పుడెల్ల కొంత ఒలికెడిది. పెట్రోలు వాసన లేని బస్సు నాడు ఊహకందనిది. ఇప్పటికిని "వాసన మామూలే" యనువారి మాట ఆ కాలమునాటి అలవాటునకు శేషము.

రెండవ యుద్ధకాలమున ఒక విచిత్రము జరిగినది. 1941లో మన దేశమున పెట్రోలు రేషనులోనికి వచ్చినది. అప్పుడు బస్సుల వెనుక ఇనుప పీపాలు తగిలించి, వానిలో కట్టెబొగ్గు మండించి, ఆ వాయువుతో ఇంజనులు నడిపిరి. అట్టి బండి కదలుటకు ముందే కొంతసేపు పొయ్యి రాజవేయవలెను. బలము తగ్గిపోవుటచే మెరక వచ్చిన ప్రయాణికులు దిగి నడువవలసిన సందర్భములు కలవు. పెట్రోలు కంపు పోయినదని కొందరు సంతసించియుందురు. కాని బొగ్గువాయువులో ప్రాణము తీయు కార్బను మోనాక్సైడు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన కొట్టములో అట్టి బండి నిలిపి నిద్రించినవాడు లేవకపోవచ్చును. వాసన గలది శత్రువే యైనను, తలుపు తట్టి వచ్చు శత్రువని ఇందువలన తెలియును.

కాలక్రమమున వచ్చిన బండ్లలో టాంకీ క్రిందను ఇంజను పైనను ఉండుటచే, నూనెను లాగుటకు పంపు ప్రధానమైనది. అందులో డోలు తోలువంటి పలుచని పొర కదలుచు నూనెను పీల్చి నెట్టును. అది చినిగిన రెండు విధముల నష్టము: నూనె బయటికి కారవచ్చును, లేదా లోపలికి దిగి ఇంజను ఆయిలులో కలియవచ్చును. ఆయిలు కొలుచు కమ్మిని తీసి వాసన చూచిన పెట్రోలు కంపు కొట్టును. ఆయిలు మట్టము పోయకయే పెరిగియుండును. పంపు దాటిన పిదప కార్బొరేటరు. 1893లో జర్మనీవాడైన మైబాఖ్ రూపొందించిన తుంపరల కార్బొరేటరే దీని మూలము. అందులో నూనె మట్టమును ఒక తేలు డబ్బా కాపాడును. మిస్త్రీలు దానిని ఫ్లోటందురు. నూనె నిండగానే ఫ్లోటు పైకి లేచి, ఒక సూదితో ద్వారము మూయును. ఆ సూది మొనలో నలుసు చిక్కినను, ఫ్లోటు చిల్లిపడి మునిగినను, ద్వారము మూతపడక నూనె పొంగి ఇంజనుమీద కారును. వేడి ఇంజనుమీద పెట్రోలు కారుటకంటె భయంకరమైనది మరొకటి లేదు.

నేటి పెట్రోలు బండ్లలో కార్బొరేటరు పోయి ఇంజెక్షను వచ్చినది. పంపు టాంకీలోనే యుండి నూనెను చక్రములోని గాలికంటె హెచ్చు ఒత్తిడితో పంపును. కావున రబ్బరు పైపు బీటలిచ్చినచో నూనె కారుట గాక చిమ్మును. అట్టి పైపును ఒత్తిడి తగ్గింపక ఊడదీయరాదు. మరియొక మార్పును గమనింపుడు. టాంకీలోని ఆవిరి గాలిలో కలియకుండ, దానిని నల్లని బొగ్గు గల చిన్న డబ్బాలోనికి పంపుదురు. బొగ్గు ఆవిరిని పట్టియుంచి, ఇంజను నడచునప్పుడు దానికే తిరిగి యిచ్చును. యుద్ధకాలమున పెట్రోలుకు బదులుగా మండిన బొగ్గే ఇప్పుడు పెట్రోలు ఆవిరికి కావలి కాయుచున్నది! ఆ డబ్బా పగిలినను, టాంకీని గొంతుదాక నింపుటచే అందులోనికి నూనె చేరినను, బండి క్రింద తడి లేకయే వాసన వచ్చును.

ఇంకొక కారణము నూనెలోనే కలదు. పెట్రోలులో సారాయము కలుపుట క్రొత్త ఆలోచన కాదు; మన దేశమున 1948లోనే దానికై ఒక చట్టము చేసిరి. చెరకునుండియు, ధాన్యమునుండియు తీసిన ఆ సారాయము 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్లు చేరినది. దానికి తగిన రబ్బరుతో చేసిన క్రొత్త బండ్లకు బాధ లేదు. వెనుకటి బండ్ల రబ్బరు పైపులు, వాషరులు దానికి ఉబ్బి, మెత్తబడి, ఎండి బీటలువారవచ్చును.

ఇక కోరుట్ల సంగతి. అచ్చటి మిస్త్రీ బండిని ముట్టకముందే, "ముందుగాల బీడీలు ఆర్పుండ్రి, దూరం జరుగుండ్రి" అనెను. ఇంజను ఆపించి, బ్యాటరీ తీగ విప్పి, బానెట్టు తెరచి గాలి పోనిచ్చెను. తరువాత డ్రైవరు నడిగిన మొదటి ప్రశ్న "వాసన యెక్కడ?" అని కాదు, "వాసన యెప్పుడు?" అని. టాంకీ నింపినప్పుడా, చల్లని ఇంజను ఎత్తుకొనునప్పుడా, నడచుచుండగనా, వేడిమీద ఆపినప్పుడా? డ్రైవరు కొంచెమాలోచించి, "ఆపినంక అస్తది, టాంకీ నింపిననాడు మస్తుగ అస్తది" అని చెప్పెను. మిస్త్రీ టాంకీ మొదలు గొట్టము వెంట చేయి పోనిచ్చుచు, తెల్లని బట్టతో తుడిచి చూచుచు వచ్చెను. పెట్రోలు ఆరిపోయినను, కారినచోట దుమ్ము కడుగుకొనిపోయి, పసుపువన్నె మరక మిగులును. పంపు దగ్గర అట్టి మరక కనబడినది. ఇనుప గొట్టమును పంపుతో కలుపు రబ్బరు పైపు బీటలువారియుండెను. ఎవరో క్లిప్పు లేక కట్టుతీగ బిగించిరి. ఆ తీగ రబ్బరును కోసివేసినది. డ్రైవరు దానిమీద మరియొక చుట్టు గుడ్డ చుట్టుమని కోరెను. మిస్త్రీ ఒప్పుకొనక, పెట్రోలుకు తగిన క్రొత్త పైపు వేసి, రెండు కొనల రెండు క్లిప్పులు బిగించెను. కడపట అందరిని దూరముగ నిలిపి, ఇంజను నడిపి, తడి లేదని నిశ్చయించుకొనెను.

మేము రోగము కుదిరినదని తలచితిమి. మరునాడు టాంకీ నింపించుకొని రుద్రంగి, వేములవాడల మీదుగా సిరిసిల్లకు బయలుదేరితిమి. సిరిసిల్లలో నూలు బేళ్లు ఎత్తవలసియున్నది. దారిలో మరల వాసన! డ్రైవరు మిస్త్రీని తిట్టసాగెను. నేనును తొందరపడి ఆయనతో ఏకీభవించితిని. కాని తప్పు మిస్త్రీది కాదు. "టాంకీ నింపిననాడు మస్తుగ" అని డ్రైవరు చెప్పిన మాటలో రెండవ సగమును మేమందరము మరచితిమి. సిరిసిల్లలో మరియొక మిస్త్రీ టాంకీ మూత విప్పి చూపెను. లోపలి వాషరు ఎండి పగిలియుండెను. బండి కుదిపినప్పుడెల్ల నిండు టాంకీలోని నూనె మూతనుండి చిప్పిలి సీటు క్రింద చేరుచుండెను. వాషరు వెల స్వల్పము. ఆ స్వల్పమును ఉపేక్షించి, నూలు బేళ్లు నిండిన బండితో మేము తిరుగు ప్రయాణము చేయవలసియుండెను. నూలునకు నిప్పంటినచో మగ్గములవారి కష్టము, ఆ తొట్టిలో కూర్చుండిన మనుష్యుల ప్రాణములు ఏమై యుండునో పెద్దలే ఊహింపగలరు. ఒక వాసనకు రెండు కారణములుండవచ్చునని, ఒకటి దొరకినంతనే వెదకుట మానరాదని నేను నేర్చినది ఆ దినముననే.

కావున వాసన తగిలినప్పుడు ఈ క్రమము మనసున నుంచుకొనుడు. నిండు టాంకీతో వచ్చిన, మూతను, నింపు గొట్టమును చూడుడు. నడచుచుండగా వచ్చిన, పంపు దాటిన పైపులను చూడుడు. వేడిమీద ఆపినపుడు వచ్చిన, కార్బొరేటరును, ఇంజనునకు దగ్గరి రబ్బరును చూడుడు. ఎత్తుకొనునపుడు మాత్రము వచ్చి పోయిన, చోకు ఎక్కువ లాగుటచే నూనె అధికముగ పోయియుండవచ్చును. తడి లేక వాసన మాత్రమున్న, బొగ్గు డబ్బాను చూడుడు. నేలపై తడియే కనబడినచో చూచుట మాని, బండి ఆపి దిగుడు. వెదకుటకు వెలుతురు కావలసిన బ్యాటరీ దీపమే తప్ప, అగ్గిపుల్ల గాని దీపపు బుడ్డి గాని దగ్గరకు తేరాదు. నూనె కారుచున్న బండిని ఇంటి కొట్టములో గాని, గొయ్యిమీద గాని నిలుపరాదు.

మరియొక మాట చెప్పి ముగింతును. బండి వాసనకు భయపడు మనమే ఇంటిలో పెట్రోలును నీళ్ల సీసాలలో పోసి మంచము క్రింద దాచుచున్నాము. కొన్ని ఊళ్లలో కిరాణా అంగళ్లయందు సీసాలతో అమ్మకము సాగుచున్నది. 1934 నాటి పెట్రోలియము చట్టము ప్రకారము, అమ్మకమునకు గాక స్వంత వాడుకకు మాత్రమే, లైసెన్సు లేకుండ మొత్తముమీద 30 లీటరుల వరకు ఉంచుకొనవచ్చును. అందును గాజుపాత్ర యైనచో ఒక లీటరునకు మించరాదు. పలుచని ప్లాస్టిక్ సీసా పెట్రోలునకు పాత్రమే కాదు. అది ఆవిరిని ఆపలేదు, పిల్లవాడు నీళ్లని త్రాగవచ్చును. పెట్రోలులో బెంజీను అను ద్రవ్యము గలదు. దానిని చిరకాలము పీల్చినచో రక్తమునకు సంబంధించిన క్యాన్సరు కలుగునని వైద్యశాస్త్రము నిర్ణయించినది. కావుననే మన దేశపు పెట్రోలులో దానిని నూటికి ఒక పాలునకు మించనీయరు. నోటితో గొట్టము పీల్చి పెట్రోలు తీయు అలవాటు మానవలెను.

ఊరిలో పెద్దల మాటకు చిన్నవారు చెవి యొగ్గుదురు. బండి నడుపు యువకుడు "మామూలే తాతా" అని నవ్వినపుడు, మీరు నవ్వక, "యెప్పుడు అస్తది బిడ్డా ఈ వాసన?" అని యడుగుడు. ఆ ప్రశ్నతో సగము మరమ్మతు అయినట్లే. తక్కిన సగము మిస్త్రీ చూచుకొనును.